రెండో తూటా కోసం స్కోప్

(సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు స్కోప్ ఎంచుకోవడం గురించి కొత్త షూటర్లకు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోంది కదా? సరే, మొదలుపెడదాం.

కొత్తగా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పట్టినవాళ్లు నా దగ్గరకొచ్చి మొట్టమొదట అడిగేది, "ఎన్ని ఎక్స్ స్కోప్ కొనమంటారు?" అని. ఎక్స్ అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందనే లెక్క. నేను వెంటనే జవాబు చెప్పను. ఎదురు మూడు సంగతులు అడుగుతాను. కొట్టాల్సిన టార్గెట్ ఎంత పెద్దది? ఎంత దూరంలో ఉంటుంది? మొదటి తూటా వెళ్లాక రెండోది ఎంతసేపట్లో వెళ్లాలి? మొదటి రెండూ ఏ రైఫిల్‌కైనా అడగాల్సినవే. మూడోది మాత్రం సెమీ ఆటోమేటిక్‌కే వర్తిస్తుంది. ఈ పూట నేను చెప్పేదంతా ఆ మూడో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఒక తూటా పేల్చాక చెయ్యి తీసి బోల్టు ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోసి మళ్లీ దించాలి. అంతలో కన్ను స్కోప్ దగ్గర్నుంచి కాస్త జరిగినా పోయేదేమీ లేదు, ఎలాగూ మళ్లీ సర్దుకోవాలి. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పనంతా మందు పేలిన గ్యాసు ఒత్తిడో, వెనక్కి తన్నే బోల్టో చేసేస్తుంది. రెప్పపాటులో ఖాళీ కేసు బయటపడుతుంది, కొత్త తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. తుపాకీ సిద్ధం. ఇక సిద్ధం కావాల్సింది మన కన్నే. పేలిన అదురుకు స్కోప్‌లో నల్లటి నీడ కమ్మేసి, టార్గెట్ ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సి వస్తే, రైఫిల్ ఇచ్చిన వేగమంతా అక్కడే పోయింది.

అందుకని అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే స్కోప్‌లోంచి ఎంత వెడల్పు కనిపిస్తుందనేది. మామూలుగా దొరికే 3-9×40 స్కోప్ తీసుకోండి, అంటే 3 నుంచి 9 ఎక్స్ దాకా తిప్పుకోగలిగేది, ముందు లెన్సు 40 మిల్లీమీటర్లు. 100 మీటర్ల దూరంలో, 3 ఎక్స్ దగ్గర దాదాపు 11 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే 9 ఎక్స్‌కు తిప్పితే నాలుగున్నర మీటర్లకు పడిపోతుంది. 1-6 రకం స్కోప్ 1 ఎక్స్ దగ్గర 35 మీటర్ల పైచిలుకు చూపిస్తుంది. రైఫిల్ అదిరి మూతి కాస్త పైకి లేచినప్పుడు, నాలుగున్నర మీటర్ల కిటికీలోంచి టార్గెట్ జారిపోవడం చాలా తేలిక. వెడల్పు ఎక్కువుంటే అదురులోనూ టార్గెట్ కంటి ముందే ఉంటుంది. తూటా ఎక్కడ తగిలిందో కూడా మీరే చూసుకోగలుగుతారు.

ఇప్పుడు రైఫిల్ సామర్థ్యం సంగతి. గురి లెక్కల్లో ఎంఓఏ అనే కొలత ఉంది. అది ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు అవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు సెమీ ఆటోమేటిక్ రైఫిల్, మామూలు తూటాలతో, రెండు మూడు ఎంఓఏలలో గ్రూపు పెడితే, అంటే వరుసగా కాల్చిన తూటాలన్నీ అంత చుట్టులో పడితే, అది ఆరోగ్యంగా ఉన్నట్టే. రెండు ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్ల సున్నా, 300 మీటర్ల దగ్గర పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్ల సున్నా. ఆ సున్నాలో తూటా ఏ మూల పడుతుందనేది మీ చేతిలో లేదు. అలాంటి రైఫిల్ మీద 25 ఎక్స్ స్కోప్ పెడితే సున్నా చిన్నదవ్వదు. మీ చేతి వణుకు, గుండె కొట్టుకోవడం మాత్రం పెద్దగా కనిపిస్తాయి. అది చూసి టెన్షన్ పడి ట్రిగ్గర్‌ను గుంజేస్తారు.

ఎక్కువ ఎక్స్ లేకపోతే దూరం కొట్టలేమని చాలామంది బెంగ. సోవియట్ సైన్యం 1963లో తీసుకున్న డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్ సెమీ ఆటోమేటిక్. దాని కోసం చేసిన పీఎస్ఓ-1 స్కోప్ ఎంతనుకున్నారు? 4 ఎక్స్, ముందు లెన్సు 24 మిల్లీమీటర్లు. బ్రిటిష్ సైన్యం ఎస్ఏ80 రైఫిళ్ల మీద ఏళ్ల తరబడి వాడిన సుశాట్ కూడా 4 ఎక్సే. ఆస్ట్రియా సైన్యం తీసుకున్న స్టెయిర్ ఏయూజీ మీద రైఫిల్‌తోనే కలిపి ఇచ్చిన స్కోప్ 1.5 ఎక్స్. వాళ్లకు పెద్ద స్కోపులు చేయడం చేతకాక కాదు. ఆ రైఫిల్ చేసే పనికి అంతే సరిపోతుందని లెక్క వేసుకున్నారు.

నా లెక్క కూడా చెబుతాను. 50 మీటర్ల లోపు వేగంగా కాల్చే పోటీలకు రెడ్ డాట్ చాలు. దగ్గరా దూరం కలిసి వచ్చేచోట, అంటే పది మీటర్ల నుంచి 300 మీటర్ల దాకా, 1-6 కానీ 1-8 కానీ తీసుకోండి. కాగితం టార్గెట్ మీద తీరిగ్గా చిన్న గ్రూపులు పెట్టడమే మీ సరదా అయితే 3-9 దగ్గర్నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లొచ్చు. చిన్న తూటా పేల్చే .22 రైఫిల్‌కు 2-7 చక్కగా సరిపోతుంది.

రెడ్ డాట్ గురించి ఒక మాట. అందులో పెద్దదిగా చూపడం ఉండదు. రెండు కళ్లూ తెరిచి ఎర్ర చుక్కను టార్గెట్ మీద పెట్టడమే. తల కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు కాబట్టి రెండో తూటాకు దానంత త్వరగా ఏదీ అందదు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ 1975లో ఈ తరహా ఎలక్ట్రానిక్ సైట్ తెచ్చింది. ఇప్పుడు కొన్ని మోడళ్లు ఒక్క బ్యాటరీతో 50,000 గంటలు వెలుగుతాయి, అంటే అయిదేళ్లకు పైనే. చుక్క సైజు కూడా ఎంఓఏలోనే చెబుతారు. 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్లు కప్పేస్తుంది. 6 ఎంఓఏ చుక్క అయితే పదిహేడు సెంటీమీటర్ల పైన. దగ్గరికి పెద్ద చుక్క హాయి, దూరానికి చిన్న చుక్క మేలు.

(సభలో ఒకరు: సార్, నాకు చుక్క గుండ్రంగా కనపడదు. తోక ఉన్నట్టు, చీలినట్టు ఉంటుంది. సైట్ పాడైందా?)

చాలావరకు సైట్ తప్పు కాదమ్మా, కంటిలో ఆస్టిగ్మాటిజం అనే చూపు లోపం ఉంటే అలాగే కనపడుతుంది. తేల్చుకోవడం సులువు. సైట్ ఆన్ చేసి వెనక నుంచి ఫోన్ కెమెరాతో చూడండి. ఫోన్‌లో చుక్క శుభ్రంగా గుండ్రంగా ఉంటే సైట్ బాగున్నట్టే, చూపించుకోవాల్సింది కళ్ల డాక్టర్‌కి. అలాంటివాళ్లకు ప్రిజం సైట్ (లోపల ప్రిజం గాజు వాడిన పొట్టి స్కోప్) గానీ 1-6 స్కోప్ గానీ నయం. వాటిలో గురి గీతలు గాజు మీదే చెక్కి ఉంటాయి, కంటి దగ్గర రింగు తిప్పి మీ చూపుకు తగ్గట్టు ఫోకస్ చేసుకోవచ్చు. పైగా బ్యాటరీ అయిపోయినా గీతలు ఎక్కడికీ పోవు.

ఇక కన్నుకూ స్కోప్‌కూ మధ్య దూరం. దీన్ని ఐ రిలీఫ్ అంటారు. మామూలు స్కోపుల్లో ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు ఉంటుంది. ప్రిజం సైట్లలో బాగా తక్కువ. ట్రిజికాన్ వాళ్ల 4×32 ఏకాగ్‌లో అది నాలుగు సెంటీమీటర్ల లోపే. అదురు తక్కువున్న రైఫిల్ మీద ఇబ్బంది ఉండదు. .308 లాంటి బరువైన తూటా మీద మాత్రం స్కోప్ అంచు కనుబొమ్మను కోసే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

దుకాణంలో కొనేముందు ఒక పని చేయండి. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, సురక్షితమైన వైపు పెట్టి, స్కోప్‌ను ఉన్నంతలో ఎక్కువ ఎక్స్‌కు తిప్పండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద, అంటే భుజానికి ఆనే వెనక భాగం మీద, హాయిగా పెట్టండి. అప్పుడు కన్ను తెరవండి. నిండు వృత్తం కనిపించిందా, లేక ఒక పక్క నల్లటి నెలవంక ఉందా? మెడ సాచితే గానీ నీడ పోలేదంటే ఆ స్కోప్ మీకు ఎత్తులోనో దూరంలోనో కుదరలేదు. తక్కువ ఎక్స్‌లో అన్ని స్కోపులూ బాగానే ఉంటాయి, పట్టు దొరకనిది ఎక్కువ ఎక్స్‌లోనే. అందుకే పరీక్ష అక్కడే పెట్టాలి.

1-6, 1-8 స్కోపులకు ఇంకో పరీక్ష కూడా ఉంది. 1 ఎక్స్‌లో పెట్టి, రెండు కళ్లూ తెరిచి, ఎదురుగా ఉన్న తలుపు చట్రం నిలువు అంచును చూడండి. స్కోప్ లోపలి అంచు, బయటి అంచు ఒకే గీతలా కలిసిపోతే అది నిజమైన 1 ఎక్స్. లోపల కాస్త లావుగానో, అంచుల దగ్గర వంగినట్టో కనిపిస్తే, అది 1.1 లేదా 1.2 ఎక్స్. చిన్న తేడానే, కానీ రెండు కళ్లూ తెరిచి వేగంగా కాల్చేటప్పుడు రెండు కళ్లకూ పొంతన కుదరక తలనొప్పి వస్తుంది.

(సభలో మరొకరు: ముందు లెన్సు పెద్దదైతే, ట్యూబు లావైతే వెలుగు ఎక్కువొస్తుంది కదండీ?)

ట్యూబుకూ వెలుగుకూ సంబంధం లేదు బాబూ. ఒక అంగుళం, 30 మిల్లీమీటర్లు, 34 మిల్లీమీటర్లు అని ట్యూబులు వస్తాయి. లావు ట్యూబు వల్ల ముఖ్యంగా వచ్చేది లోపల గురి సర్దుబాటుకు ఎక్కువ చోటు. చాలా దూరం కాల్చేవాళ్లకు అది అవసరం. వెలుగు సంగతికి వస్తే, ముందు లెన్సు వ్యాసాన్ని ఎక్స్‌తో భాగించండి. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. స్కోప్ మీ కంటికి ఇచ్చే వెలుగు గుండ్రం అంత వ్యాసం ఉంటుందన్నమాట. పట్టపగలు మన కంటిపాప తెరుచుకునేది రెండు మూడు మిల్లీమీటర్లే. అంతకు మించి వచ్చిన వెలుగు కంట్లోకి వెళ్లదు. మసక వెలుగులో పాప పెద్దదవుతుంది, అప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. అయినా దానికి 56 మిల్లీమీటర్ల లెన్సు అక్కర్లేదు, ఎక్స్ తగ్గించుకుంటే చాలు. ఆ పెద్ద లెన్సు బరువు, దాని కోసం పెంచాల్సిన మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే అమరిక) ఎత్తు రోజంతా మోయాల్సింది మీరే. ఆ డబ్బు మంచి గాజుకు, మంచి కోటింగుకు పెట్టండి. సాయంత్రం పూట అదే అక్కరకొస్తుంది.

రెటికిల్, అంటే గురి గీతల గురించి క్లుప్తంగా చెబుతాను. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో ఎక్స్ మార్చినా గీతలు అదే సైజులో ఉంటాయి. వాటి మీది కొలతలు ఒక్క ఎక్స్ దగ్గరే, సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ ఎక్స్ దగ్గరే, సరిగ్గా ఉంటాయి. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు కూడా బొమ్మతో పాటే పెరుగుతాయి, తగ్గుతాయి, కొలతలు ఎప్పుడూ నిజమే. వినడానికి ఫస్ట్ ఫోకల్ ప్లేనే గొప్పగా ఉంది కదా? కానీ 1 ఎక్స్‌కు వచ్చేసరికి ఆ గీతలు వెంట్రుకంత సన్నబడతాయి. పట్టపగలు కూడా కనిపించేంత ప్రకాశంగా వెలిగే చుక్క లేకపోతే దగ్గర్లో గురి దొరకదు. 1-6 వరకు సెకండ్ ఫోకల్ ప్లేన్ చాలని నా అభిప్రాయం. టరెట్ (గురి సర్దడానికి తిప్పే గుబ్బ) క్లిక్కులు ఎంఓఏలో ఉంటే రెటికిల్ కూడా ఎంఓఏలోనే ఉండాలి, మిల్ అనే ఇంకో కొలతలో ఉంటే మిల్‌లోనే. ఒకటి అది, ఒకటి ఇది అయితే రేంజ్‌లో కూర్చుని లెక్కలు కట్టాల్సి వస్తుంది.

.22 రైఫిల్ వాళ్లకు ఒక చిన్న హెచ్చరిక. పెద్ద తూటాల స్కోపుల్లో పారలాక్స్, అంటే కన్ను పక్కకు జరిగితే గురి గీత కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం, సాధారణంగా 100 గజాలకు సరిచేసి ఇస్తారు, .22 స్కోపుల్లో 50 గజాలకు. 100 గజాలకు సరిచేసిన 40 మిల్లీమీటర్ల స్కోప్‌తో 50 మీటర్లలో కాల్చేటప్పుడు, కన్ను పూర్తిగా అంచుకు జరిగితే తూటా సుమారు ఒక సెంటీమీటరు పక్కకు పోగలదు. చిన్న టార్గెట్‌కు అది చాలా ఎక్కువ.

ఇప్పుడు మౌంట్. నన్నడిగితే ఈ ప్రసంగం మొత్తంలో ముఖ్యమైనది ఇదే. సెమీ ఆటోమేటిక్‌లో స్కోప్‌కు తగిలే దెబ్బ ఒకటి కాదు. తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. బోల్టు క్యారియర్ వెనక్కి దూసుకెళ్లి చివర కొట్టుకుంటుంది. మళ్లీ స్ప్రింగు నెట్టగా ముందుకొచ్చి ధన్‌మని మూసుకుంటుంది. ఇదంతా క్షణంలో పదో వంతు సేపట్లో అయిపోతుంది. అంటే స్కోప్‌ను రెండు వైపులా కుదిపేస్తుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిళ్ల మీద చవక స్కోపులు ఎందుకు చెడిపోతాయో మీలో కొందరికి తెలిసే ఉంటుంది, అక్కడా ముందుకు తన్నే దెబ్బే కారణం. స్కోప్ గట్టిదైనా మౌంట్ వదులైతే గురి రోజుకో చోట పడుతుంది, మనం స్కోప్‌ను తిట్టుకుంటాం.

రైఫిల్ కట్టుబడిని బట్టి మౌంట్ మారుతుంది. పాత ఎం1 గారండ్‌లో ఎనిమిది తూటాల క్లిప్ పైనుంచి దించాలి, ఖాళీ క్లిప్ పైకే ఎగురుతుంది. అందుకే దాని స్నైపర్ రకాల్లో స్కోప్‌ను ఎడమ పక్కకు జరిపి బిగించారు, చెంప కూడా పక్కకు రావాలి కాబట్టి స్టాక్‌కు తోలు దిండు కట్టారు. ఏకే-47 తరహా రైఫిళ్లకు పైమూత పల్చటి రేకు, శుభ్రం చేసేటప్పుడు ఊడదీస్తాం. దాని మీద స్కోప్ పెడితే గురి నిలవదు, పక్కనున్న రైలు (మౌంట్ బిగించే లోహపు పట్టీ) మీదే బిగించాలి. ఏఆర్-15 తరహాలో స్టాక్ బారెల్‌కు సూటిగా ఉంటుంది కాబట్టి స్కోప్ ఎత్తుగా, బారెల్ మధ్యగీతకు ఆరున్నర సెంటీమీటర్ల పైన కూర్చోవాలి. దీనివల్ల అయిదారు మీటర్ల దగ్గర తూటా మీరు గురి పెట్టిన చోటుకు అయిదారు సెంటీమీటర్లు కింద తగులుతుంది. దగ్గరి టార్గెట్లలో మంచి షూటర్లు కూడా పాయింట్లు పోగొట్టుకునేది ఇక్కడే.

అదే ఏఆర్ తరహాలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇంకొకటి. స్కోప్ ట్యూబును పట్టుకునే రింగుల్లో వెనకది రిసీవర్ (బోల్టు కదిలే పెట్టె భాగం) మీద, ముందుది హ్యాండ్‌గార్డ్ (బారెల్ చుట్టూ చెయ్యి పట్టే తొడుగు) మీద బిగిస్తారు. పైన రైలు ఒకే వరుసలో ఉన్నా కింద అవి రెండు వేరే ముక్కలు. హ్యాండ్‌గార్డ్‌ను గట్టిగా పట్టుకున్నా, దేనికైనా ఆనించినా అది కాస్త వంగుతుంది, స్కోప్ ట్యూబును కూడా లాగుతుంది. ముందుకు సాగిన ఒకే ముక్క మౌంట్ కొనండి, దాన్ని కాంటిలివర్ అంటారు. పట్టు మొత్తం రిసీవర్ మీదే ఉంటుంది.

1995లో మిల్ స్టాండర్డ్ 1913 పేరుతో పికటిన్నీ రైలు కొలతలు ఖాయమయ్యాక మనకు చాలా సుఖమైంది. అయితే వీవర్ రైలు కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. వీవర్ రైలు మీది గాడులు సన్నం. వీవర్ మౌంట్ పికటిన్నీ మీద సాధారణంగా కూర్చుంటుంది, పికటిన్నీ మౌంట్ వీవర్ మీద కూర్చోదు.

బిగించేటప్పుడు మౌంట్‌ను గాడిలో పెట్టి, మూతి వైపుకు గట్టిగా తోసి పట్టుకుని అప్పుడు బిగించండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే గాడి ముందు గోడకే ఆనుతుంది. ముందే ఆనించి బిగిస్తే ఇక జరగడానికి చోటుండదు. రింగు స్క్రూలకు టార్క్ రెంచ్ వాడండి. చాలా రింగులకు రెండు న్యూటన్ మీటర్ల దరిదాపు సరిపోతుంది, కచ్చితమైన అంకె తయారీదారు కాగితంలో ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది. బిగించాక ప్రతి స్క్రూ తల మీదుగా మౌంట్ మీదకు తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. ఆ గీత విరిగిందంటే స్క్రూ కదిలినట్టే, రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఈ పనులన్నిటికీ ముందు మ్యాగజైన్ తీసేయండి, తర్వాత బోల్టు లాగి ఛాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడమండి. ఈ వరుస తప్పకూడదు. మ్యాగజైన్ ఉండగా బోల్టు లాగి వదిలితే ఇంకో తూటా లోపలికి ఎక్కుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో కాల్చిన వెంటనే ఛాంబర్ దానంతటదే నిండుతుంది, అది ఎన్నడూ మరవద్దు. స్కోప్‌తో చుట్టుపక్కల చూడటం కూడా వద్దు. స్కోప్ ఎటు తిరిగితే మూతి అటే తిరుగుతుంది. చూడటానికి బైనాక్యులర్ ఉంది.

జీరో చేసేటప్పుడు, అంటే గురి పెట్టినచోటే తూటా పడేలా స్కోప్‌ను సర్దేటప్పుడు, 25 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. పావు ఎంఓఏ క్లిక్కు అక్కడ రెండు మిల్లీమీటర్ల లోపే జరుపుతుంది, 100 మీటర్ల దగ్గర ఏడు మిల్లీమీటర్లు. ఒక్క తూటా చూసి టరెట్ తిప్పొద్దు, అయిదు కాల్చి గ్రూపు మధ్యను చూసి తిప్పండి. అయిదింటికీ మధ్య ఆగండి. వేగంగా కాల్చితే బారెల్ వేడెక్కి, ఆ వేడి గాలి స్కోప్ ముందు నుంచే లేస్తుంది. ఎక్కువ ఎక్స్‌లో టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది, అప్పుడు చేసిన జీరో బారెల్ చల్లారాక నిలవదు. వరుసగా కాల్చేవాళ్లకు తక్కువ ఎక్స్ మేలనడానికి ఇదీ ఒక కారణం.

(సభలో ఒకరు: లివర్ లాగి తీసేసే మౌంట్ ఉంది నా దగ్గర. తీసి మళ్లీ పెడితే గురి అలాగే ఉంటుందా?)

మంచి మౌంట్ అయితే దాదాపు అక్కడికే వస్తుంది, కానీ ఎంత దగ్గరికి వస్తుందో మీ రైఫిల్ మీద మీరే చూసుకోవాలి. అయిదు కాల్చండి, తీయండి, అదే గాడిలో, మూతి వైపుకు తోసి మళ్లీ పెట్టండి, ఇంకో అయిదు కాల్చండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే గ్రూపుల మధ్యలు ఎంత దూరం తిరుగుతున్నాయో కాగితం మీదే కనిపిస్తుంది. ఒక ఎంఓఏ లోపుంటే నిశ్చింతగా వాడుకోండి. అంతకంటే ఎక్కువుంటే లివర్ కింది నట్టు బిగువు సరిచూసుకుని మళ్లీ పరీక్షించండి. ఏ గాడిలో పెట్టారో రైలు మీద గుర్తు పెట్టుకోవడం మాత్రం మరిచిపోవద్దు.